నాలుగొందల గ్రాములు

పదకొండు దాటింది. ఈయన పడుకొని గంటయింది. నాకు నిద్ర పట్టడం లేదు. మోకాలు ఈరోజు బాగానే ఉంది, దాని వల్ల కాదు. మధ్యాహ్నం అంగన్‌వాడీ సూపర్‌వైజరమ్మ ఫోన్లో అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. "నాలుగొందల గ్రాములకేనా అమ్మా ఫోన్ చేసింది?" అనింది.

ఈరోజు అంగన్‌వాడీలో తూకాల రోజు. పదింటికి మనవరాలు చిట్టిని చంకనేసుకొని పోయాను. అంగన్‌వాడీ పని చూసే కమిటీలో ఉన్నాను కాబట్టి ఎట్లాగూ పోవాలి, దీన్నీ తూయించినట్టుంటుందని. వరండాలో దూలానికి కాటా వేలాడదీసుంది. అదే పాతది, గుండ్రటి ముఖం, ముల్లు, కింద కొక్కెం. పిల్లల్ని కూర్చోబెట్టే సంచి మాత్రం కొత్తది. నీలం గుడ్డ, మందపాటి పట్టీలు, భలే గట్టిగా ఉంది. చిట్టిని అందులో కూర్చోబెడితే పది కిలోల ఆరొందలు. టీచరమ్మ "బాగా పెరిగిందక్కా" అని రాసుకుంది.

నాకు సంతోషం వేయలేదు. పోయిన బుధవారం టీకాకి తీసుకుపోయినప్పుడు ఆసుపత్రి కాటాలో పది రెండొందలు. మధ్యలో రెండు రోజులు టీకా జ్వరం. అన్నం ముట్టని పిల్ల వారం తిరక్కుండా నాలుగొందల గ్రాములు ఎట్లా పెరుగుతుంది? అడిగితే, "కాటాకీ కాటాకీ తేడా ఉంటాదిలేక్కా" అనింది.

పక్కనే గర్భిణులకిచ్చే కందిపప్పు ప్యాకెట్లు ఉన్నాయి. కిలోవి. ఒకటి తీసి సంచిలో పెట్టాను. ముల్లు కిలో నాలుగొందల దగ్గర ఆగింది. సంచి ఊడదీసి, ప్యాకెట్‌ని దారంతో కొక్కేనికే కట్టాను. సరిగ్గా కిలో. ఇంకో ప్యాకెట్‌తో చూశాను. అంతే. కాటాది తప్పు కాదు, సంచి బరువు పిల్లల బరువులో కలిసిపోతోంది. ముల్లుని సున్నాకి తెచ్చే మర తుప్పుపట్టి తిరగడం లేదు.

అప్పటికే పదకొండు మంది పిల్లల్ని తూశారు. రిజిస్టరు తీసి నేనూ టీచరమ్మా ఒక్కొక్కరిలో నాలుగొందలు తీసేస్తూ పోయాం. బరువుల చార్టులో ఆకుపచ్చ అంటే సరిపడా, పసుపు తక్కువ, నారింజ మరీ తక్కువ. తొమ్మిది మందికి రంగు మారలేదు. ఒక పిల్లోడు ఆకుపచ్చలోంచి పసుపులోకి జారాడు. ఇంకొకటి రొయ్యల గుంట కాపలా వాళ్ళ పిల్ల. కట్ట మీద పాకలో ఉంటారే, వాళ్ళది. రెండేళ్ళు నిండాయి. రిజిస్టర్లో ఎనిమిది నాలుగొందలు, పసుపు. నాలుగొందలు తీస్తే ఎనిమిది కిలోలు. ఆ వయసు ఆడపిల్ల 8.1 కిలోలకి తగ్గిందంటే చార్టులో నారింజలోకి పోయినట్టే. ఆ ఈడు పిల్ల మామూలుగా పదకొండున్నర ఉండాలి.

పిల్లలు చిక్కిపోయారేమో చూసే రంగుల పట్టీ ఉంటుంది, దాన్ని ఆ పిల్ల జబ్బకి చుట్టి చూశాం. 11.8 సెంటీమీటర్లు. 11.5కి తగ్గితే ఎరుపు, కాబట్టి పట్టీలో ఇంకా పసుపే. పట్టీ ఒకటి చెప్తోంది, కాటా ఒకటి చెప్తోంది. ఆ పిల్ల తల్లి ఏమీ అర్థంకాక మా ఇద్దరి మొహాలు చూస్తా నిలబడింది.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు పట్టికలో రాసిన లెక్క నాకు నోటికి వచ్చు. మామూలు పిల్లలకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. పోషకాహార లోపం ఉన్న పిల్లలకి 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాములు. అంటే ఏ రంగులో ఉన్నారన్న దాన్ని బట్టి గిన్నెలో పడేది మారుతుంది. ఎనిమిది కిలోల పిల్లలో నాలుగొందల గ్రాములంటే ఇరవయ్యో వంతు. అరవై కిలోల మనిషికి లెక్కేస్తే మూడు కిలోలు. "నాలుగొందల గ్రాములకేనా" అనడానికి ఆమెకి నోరెట్లా వచ్చింది?

ఆమె అన్న తక్కిన మాటలు కూడా రాస్తాను, రాయకపోతే నాకు పోదు. "పట్టీలో పసుపే గదా, ఇంగేంది" అనింది. "యాప్‌లో ఎక్కించేశారు గదా, వచ్చే నెల చూద్దాం" అనింది. వచ్చే నెలా! రెండేళ్ళ పిల్లకి నెలంటే ఎంత! "మీరు కమిటీ మెంబరు, మంచిదే, కానీ టెక్నికల్ విషయాలు మాకొదిలెయ్యండి" అని కూడా అనింది. పప్పు ప్యాకెట్టు తూయడానికి టెక్నికల్ ఏముంది? మా వీధిలో చేపలమ్మే ఆయన ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. అరకిలో చేపలకి అంత జాగ్రత్త. ఈ కాటాని ముందూ వెనకా తిప్పి చూశాను, ఏ ముద్రా కనపడలేదు.

ఇంతకంటే బాధ ఇంకొకటుంది. మినిట్స్ బుక్కు అడిగాను, ఈ సంగతి రాద్దామని. టీచరమ్మ ఇవ్వడానికి వెనకాడింది. "రాయబాకక్కా, నామీదికి వస్తాది" అనింది. పట్టుబట్టి తీసుకున్నాను. తెరిస్తే పోయిన మూడు నెలల మీటింగులకీ నా సంతకాలున్నాయి. జరగని మీటింగులకి. గుర్తొచ్చింది, ఆయా ఇంటికొచ్చి "సంతకం అక్కా" అంటే చేతిలో కరివేపాకు దూస్తూ దూస్తూ పెట్టేశాను. మూడు తారీకులు, మూడు సంతకాలు, ఒకే పెన్ను. "పిల్లల బరువులు పరిశీలించి సంతృప్తి వ్యక్తం చేయడమైనది" అని పైన రాసుంది. ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా పోయి నిలబడుంటే సంచి సంగతి అప్పుడే బయటపడేది.

కేంద్రం 2011లో ఈ కమిటీలకి రూపం ఇచ్చినప్పుడు నెలకోసారి కూర్చోమనింది. వార్డు మెంబరు, ఆశా, సంఘం ఆడవాళ్ళు, తల్లులు, ఊళ్ళో రిటైరైన వాళ్ళు, అందరం ఉండాలి. ఒంగోల్లో మా ఆడబిడ్డ కూతురు బాలల సంక్షేమ సమితికి పని మీద పోయొచ్చి చెప్పేది, వాళ్ళు నెలకి కనీసం ఇరవై రోజులు కూర్చోవాలని చట్టంలోనే ఉందంట, మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉన్నాయంట. మాకున్నది నెలకో సంతకం. దాన్ని కూడా నేను గుమ్మంలో నిలబడి ఇచ్చేశాను.

ఇట్లా అనుకుంటుంటే నాయన గుర్తొచ్చాడు. ఇంతకుముందు ఎప్పుడైనా రాశానో లేదో. నాకు తొమ్మిదో ఏడు. మొలగొలుకుల వడ్లు కోసి నూర్చి కల్లంలో రాసి పోసున్నారు. కొనడానికి షావుకారు మనుషులు బండిలో కాటా తెచ్చారు, పలక కాటా, పైన గుండు జరుపుతారే, అది. ముందు రోజు సాయంత్రం నాయన నన్ను అల్లూరు అంగడికి తీసుకుపోయి అక్కడ తూయించాడు. ఇరవై రెండు కిలోలు. ఎందుకో చెప్పలేదు, బొరుగుల ఉండ కొనిపెట్టాడు. పొద్దున కల్లంలో మొదటి బస్తా ఎత్తకముందే నన్ను ఎత్తి కాటా మీద నిలబెట్టాడు. ఇరవైన్నర. దించాడు. మళ్ళీ ఎక్కించాడు. ఇరవైన్నరే. అందరూ చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, నేనేదో తప్పు చేశానేమో అని. నాయన గొంతు పెంచకుండా, "పిల్ల ఇరవై రెండు. నీ కాటా కిలోన్నర తింటా ఉండాది. ముందు దీని సంగతి చూడు" అన్నాడు. వాళ్ళలో ఒకడు కాటా చివర మర తిప్పాడు. అప్పుడు ఇరవై రెండు వచ్చింది.

బస్తాకి కిలోన్నర. మాకు పుట్టి అంటే 850 కిలోలు. ఒక్కో పుట్టిలో ఎన్ని బస్తాలో, ఎన్ని పుట్లు పోయుంటాయో, ఆ వీధిలో ఎన్ని ఇళ్ళవో. పక్క కల్లాల వాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకొని వచ్చారు. ఆ రోజంతా నేను రాణిలాగా తిరిగాను.

ఇంతవరకే నేను అందరికీ చెప్పేది. తర్వాత జరిగింది చెప్పను. ఆ మరుసటేడు ఆ షావుకారు మా వడ్లు ముట్టుకోలేదు. వాళ్ళూ వాళ్ళూ ఒకటేనేమో, ఇంకెవరూ రాలేదు. రాసి మీద పట్టలు కప్పుకొని కూర్చున్నాం, తుపాను వాన పడింది, తడిసిన వడ్లు అడిగిన ధరకి ఇచ్చేశాం. అమ్మ నెలరోజులు నాయనతో మాట్లాడలేదు. "కాటా సరిచేశావు, పిల్లల కడుపు ఎవురు సరిచేస్తారు" అనింది. నాయన బదులు చెప్పలేదు.

టీచరమ్మ "నామీదికి వస్తాది" అన్నప్పుడు నాకు కోపమే వచ్చింది. బరువు ఎక్కువ చూపిస్తే సెంటరుకి మంచి పేరని కావాలని చేసిందేమో అని కూడా అనుకున్నాను. సాయంత్రం దాకా అదే అనుమానం. బుక్కు నా సంచిలో వేసుకొని వచ్చేశాను, ఆమె వెనకనుంచి పిలుస్తున్నా.

దీపాలు పెట్టే వేళకి ఆయా వచ్చింది, చిట్టి చెప్పు ఒకటి అక్కడే మర్చిపోతే ఇవ్వడానికి. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. పాత సంచి చిరిగిపోతే ఒక పిల్లోడు జారి పడబోయాడంట. కొత్తది కావాలని టీచరమ్మ రెండు మీటింగుల్లో అడిగింది, రాలేదు. అప్పుడు వాళ్ళ అబ్బాయి పాత జీన్స్ ప్యాంటు కోసి, కావలిలో టైలరు దగ్గర పట్టీలు వేయించి కుట్టించింది, కుట్టుకూలి తనే పెట్టుకుంది. "పిల్లలు పడకూడదని అంత మందంగా కుట్టించిందమ్మా" అనింది ఆయా. ఆ నీలం గుడ్డ ఏందో అప్పుడు అర్థమైంది నాకు.

నాయన ఎదురుగా నిలబడింది షావుకారు. నా ఎదురుగా నిలబడింది పదకొండు వేల ఐదొందల జీతం మనిషి. 2023 డిసెంబరులో సమ్మె మొదలుపెట్టి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు ఈ అంగన్‌వాడీ టీచర్లు. అప్పుడు నేను ఈ టపాల్లోనే పిల్లలకి గుడ్డు పోయిందని విసుక్కున్నాను, పాత చదువరులకి గుర్తుండే ఉంటుంది. ఆమె జీతం ఎంతో అప్పుడు అడగలేదు. పొద్దున ఆమె దగ్గరున్న పనులు చూశాను. వంట చూడాలి, ముఖం ఫోటో తీస్తేనే సరుకు ఇవ్వాలి, ఫోన్లో సిగ్నల్ కోసం గోడెక్కాలి, మధ్యలో పిల్లోడొకడు వాంతి చేసుకుంటే కడగాలి. ఇందులో కాటా సున్నాకి ఉందో లేదో చూసే రెండో మనిషి ఉండాలి. ఆ మనిషినే కమిటీ అన్నారు. అంటే నన్ను.

అట్లాగని ఊరుకోమంటారా? సూపర్‌వైజరమ్మని కూడా తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, ఆమె కింద పాతిక సెంటర్లు. పాతిక కాటాలు, పాతిక సంచులు. ఆమెకి నేను ఈరోజు పదో ఫోనో ఇరవయ్యో ఫోనో. సరే, ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. అది నేను క్షమించలేకున్నాను, ఇప్పటికి.

1975 అక్టోబరు 2న మొదలైంది ఈ అంగన్‌వాడీల పథకం. నాకంటే ఒక ఏడు చిన్నది. యాభై ఏళ్ళ తర్వాత కూడా పిల్లల్ని తూసే సంచి టీచరు ఇంట్లో పాత ప్యాంటుతో కుట్టుకోవాల్సి వస్తోంది.

గుంట కాపలా ఆ అమ్మాయి పోయేటప్పుడు నన్ను అడిగింది, "అక్కా, మా పాప తగ్గిందా, మీరే తగ్గించారా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు. పాప తగ్గలేదమ్మా, ముందునుంచీ అంతే ఉంది, మేం ఇప్పుడు చూశాం అన్నాను. రేపు పొద్దున ఆశాని వెంటబెట్టుకొని కట్ట మీదికి పోతాను, పిల్లని డాక్టరుకి చూపిద్దామని. వాళ్ళాయన ఒప్పుకోవాలి, గుంట వదిలి వస్తే రోజు కూలి పోతుంది. ఆటో ఖర్చు సంఘం డబ్బుల్లోంచి అడుగుతాను.

ఒక మంచి సంగతి ఉంది, మర్చిపోయేదాన్ని. చిట్టి ఈరోజు గుడ్డు మొత్తం తినింది, పచ్చసొనతో సహా.

ఈ టపా మొదలుపెట్టకముందు బుక్కు తెరిచి ఏం రాయాలో మూడుసార్లు మార్చుకున్నాను. మొదట రాయాలనుకున్నది టీచరమ్మ మీద. రెండోది ఫోన్లో మాట మీద. ఇప్పుడు రాసింది ఇది:

"పిల్లల తూకం సంచి చిరిగినందున, కొత్తది కావాలని టీచరు రెండుసార్లు కోరినా రానందున, పిల్లల భద్రత కోసం టీచరు సొంత ఖర్చుతో సంచి కుట్టించారు. దాని బరువు 400 గ్రాములు. కాటాను సున్నాకి తెచ్చే మర పనిచేయడం లేదు. ఈ రోజు పదకొండు మంది పిల్లల బరువులు సరిచేయడమైనది. ఇద్దరి రంగు మారినది. కొత్త కాటా, సంచి వెంటనే ఇప్పించగలరు. గత మూడు నెలలు కమిటీ సమావేశం జరగలేదు."

చివరి వాక్యం రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. రాశాను. కింద సంతకం పెట్టి, ఈరోజు తారీకే వేశాను.