ఖలంగా కొండకు నీళ్ళెక్కడివి

డెహ్రాడూన్‌లో సహస్రధారకు పోయే రోడ్డు మీద, రిస్పనా ఏటి ఒడ్డున రెండు తెల్లటి స్తంభాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. జలపాతం చూడబోయే బండ్లు ఆగకుండా పోతుంటాయి. నేను మా నాయనను వెంటబెట్టుకుని ఆ స్తంభాల కోసమే పోయాను.

మాది చిత్తూరు. వేలూరు కోట మాకు గంట దారి. 1806 జూలై 10న అక్కడ సిపాయిలు తిరగబడితే, ఆర్కాటు నుంచి గుర్రపు దండుతో వచ్చి, తాడు పట్టుకుని గోడెక్కి అణిచేసినవాడు గిల్లెస్పీ అనే ఇంగ్లీషు దొర. దొరికిన సిపాయిలను వందమంది దాకా గోడ దగ్గర నిలబెట్టి కాల్పించాడు. ఆ మనిషే ఎనిమిదేళ్ళకు ఇక్కడి ఖలంగా కొండ కింద గుండెలో తూటా దిగి చచ్చిపోయాడని తెలిసినప్పటి నుంచీ ఈ చోటు చూడాలని నా కోరిక.

అప్పట్లో గూర్ఖాల రాజ్యం నేపాల్ పడమట సట్లెజ్ నది దాకా ఉండేది. హిమాలయాల కింది మైదానం తరాయిలోని బుట్వల్, స్యూరాజ్ ఎవరివన్న తగాదాతో ఈస్ట్ ఇండియా కంపెనీకీ వాళ్ళకూ చెడింది. గవర్నర్ జనరల్ యుద్ధం ప్రకటించింది 1814 నవంబరు 1న. గిల్లెస్పీ అంతకు ముందురోజే నాలాపానీ కొండ మీది ఖలంగా కోట మీద పడ్డాడు, ఆ రోజే పోయాడు. కింద కంపెనీ దండు 3,500 మంది. పైన గూర్ఖాల నాయకుడు బలభద్ర కున్వర్‌తో ఆడవాళ్ళూ పిల్లలూ కలిపి 600 మంది. ఆ ఆడవాళ్ళు గోడల మీదికొచ్చి రాళ్ళు విసిరారు. ఒక నెలలో కంపెనీ వైపు చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ 700కు పైనే.

ఈ పోరులో నేను మరిచిపోలేనిది ఒకటుంది. ఫిరంగులు పేలుతుండగా కోట గండి మీదికి ఒక గూర్ఖా వచ్చి చెయ్యి ఊపాడట. ఇంగ్లీషువాళ్ళు కాల్పులు ఆపారు. దిగి వచ్చాడు. గుండు తగిలి కింది దవడ నుజ్జయిపోయి ఉంది. శత్రువు దగ్గరికే వైద్యానికి వచ్చాడు. వాళ్ళూ చేశారు. నయమయ్యాక, మా దండుకు పోయి మళ్ళీ మీతోనే కొట్లాడతాను, పంపండి అన్నాడట.

స్తంభాల మీది రాతలు నాయనకు తెలుగులో చెప్పాను. ఒకదాని మీద గిల్లెస్పీ, అతనితో పోయిన దొరల పేర్లు. రెండోదాని మీద, మా వీర ప్రత్యర్థి బలభద్రుడికీ అతని గూర్ఖాలకూ గౌరవంగా అని ఉంది. ఆ తర్వాత వాళ్ళు పంజాబు రాజు రంజిత్ సింగ్ కొలువులో ఆఫ్ఘన్ ఫిరంగులకు బలైపోయారనీ ఉంది. గెలిచినవాడు ఓడినవాడికి ఇలా రాయి నిలపడం నేనింకెక్కడా చూడలేదు.

నాయన అంతా విని కొండ వైపు చూశాడు.

"పైన నీళ్ళెట్లారా వీళ్ళకు?"

బోరెండితే పైరెండే ఊళ్ళో పుట్టినవాడు. ఆయనకు మొదట తోచింది అదే, అసలు కథ కూడా అదే. ఊట కోట బయట ఉంది. రెండుసార్లు ఎక్కబోయి దెబ్బతిన్నాక కంపెనీవాళ్ళు నీటి దారి కట్టేశారు. నవంబరు 30 రాత్రికి మిగిలింది 70 మందే, బలభద్రుడు వాళ్ళను తీసుకుని శత్రువుల మధ్య నుంచి చీల్చుకుపోయాడు. పొద్దున లోపలికి పోయినవాళ్ళకు కనబడింది శవాలూ, గాయపడి మూలుగుతున్న మనుషులూ, వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ. కోటను నేలమట్టం చేసేశారు. మరుసటి ఏడాదే గూర్ఖాలను తమ దండులో చేర్చుకోవడం మొదలుపెట్టారు. 1816లో సుగౌలీ ఒప్పందంతో కుమావూ, గఢ్వాల్ నేపాల్ చేయి దాటిపోయాయి.

ఆటోలో కొంత దూరం పోయి, అక్కడి నుంచి సాలవనంలో నడిచాం. సగం ఎక్కేసరికే మా లీటరు సీసా ఖాళీ. నాయన దాన్ని పారేయకుండా చేతిలోనే పట్టుకుని పైదాకా వచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు స్తంభాల దగ్గర ఆటో ఆపించి, ఆ రాతల్లో నీళ్ళ మాట, ఆడవాళ్ళ మాట ఉందేమో ఇంకోసారి చూడమన్నాడు. దిగి, రెండు స్తంభాలూ చుట్టి చదివాను. లేదు.