అక్షరం మూలల్లో గాట్లు

నేను విజయవాడలో పుస్తకాలకు డీటీపీ చేస్తాను. అక్షరాలు గీసేవాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి మాథ్యూ కార్టర్.

1937లో లండన్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాల్సి ఉండగా, మధ్యలో దొరికిన ఏడాదికి హాలండ్‌లోని హార్లెం వెళ్లి, అచ్చు అక్షరాలు తయారుచేసే ఎన్‌స్కెడే సంస్థలో ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కే పని నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లనే లేదు. లోహపు అచ్చు పోయి, అక్షరాలను ఫిల్మ్ మీద ఫోటోగా తీసే ఫోటో టైప్‌సెట్టింగ్, అదీ పోయి కంప్యూటర్ వచ్చినా ఆయన పని ఆగలేదు.

ఆయన పనుల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది బెల్ సెంటెనియల్. అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీల కోసం గీసిన ఈ ఫాంటు 1978లో వచ్చింది. నాసిరకం కాగితం, వేగంగా తిరిగే ప్రెస్సు, 6 పాయింట్లంత చిన్న సైజు. గీతలు కలిసే చోట సిరా పాకి అక్షరం ముద్దయిపోతుంది. అందుకని కార్టర్ ఆ మూలల్లో ముందే లోతుగా గాట్లు పెట్టారు. పెద్దగా చేసి చూస్తే ఎలకలు కొరికినట్టుంటాయి. డైరెక్టరీలో సిరా వెళ్లి ఆ గాట్లను పూడ్చేసి, అక్షరాన్ని సరిచేస్తుంది! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1996లో కంప్యూటర్ స్క్రీన్ల కోసం ఆయన గీసిన వెర్డానా ఫాంటుకూ ఇదే పద్ధతి: అక్షరం చివరికి కనపడే చోటును బట్టే గీయడం. అప్పటి స్క్రీన్ల మీద కనపడేవి చుక్కలే కాబట్టి, ముందు చుక్కలు పేర్చి అక్షరాలు చేసి, వాటి చుట్టూ గీతలు తర్వాత గీశారు.

తెలుగుకు ఇలాంటి పని ఇంకా ఎంతో జరగాలి. పెళ్లికార్డులకు, పోస్టర్లకు అందమైన ఫాంట్లు మనకున్నాయి. పల్చటి కాగితం మీద చిన్న సైజులో వేస్తే మాత్రం చాలావాటిలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. ‘స్త్రీ’లో త వత్తు, క్రావడి ఒకదాన్నొకటి రాసుకుని నల్లటి మరకైపోతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచితే పేజీలు పెరుగుతాయి, పబ్లిషర్ ఒప్పుకోడు. ఈ చిక్కు తీరాల్సింది ఫాంటు గీసేవాళ్ల బల్ల దగ్గరే.

ఏ పుస్తకం పని వచ్చినా దానికి వాడబోయే కాగితమే తెప్పించి, ‘ని, నీ, స్త్రీ, లక్ష్మి, ఘ, ఝ’ అని అసలు సైజులో ప్రింట్ తీస్తాను. దీర్ఘం సుడి పూడుకుపోయిందా, ఎంత అందమైన ఫాంటైనా పక్కన పెట్టేస్తాను.