చిన్న గొంతు ముందు పోయింది

మొదట పోయింది నా పెద్ద గొంతు కాదు, చిన్న గొంతు. పై షడ్జం, అంటే పైస్థాయి 'స', గట్టిగా పట్టమంటే పట్టేదాన్ని, చివరి వరసలో వాళ్లకీ వినపడేది. అదే స్వరం అకారంలో, పసిపిల్లని నిద్రపుచ్చేటట్టు నెమ్మదిగా పాడబోతే ముందు ఉత్త గాలి వచ్చేది, ఆ తర్వాత నాదం. పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుపట్టాలని ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టింది పర్లాకిమిడి, ఉండేది బరంపురం. పగలు కాలేజీలో గాత్రం క్లాసులు, కార్తీకంలోనూ శ్రీరామనవమికీ మహేంద్రతనయ అవతల పాతపట్నం వైపు ఊళ్లలో పద్యనాటకాలు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ మావాళ్లకి పద్యం మీద మోజు తగ్గలేదు. హరిశ్చంద్ర నాటకంలో నాది చంద్రమతి వేషం. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము, మంచు, సరిగ్గా పలకని మైకు, జనం వన్స్‌మోర్ అంటారు, హార్మోనిస్టు మళ్లీ శ్రుతి అందుకుంటాడు, పాడకుండా ఎలా ఉంటాం? పొద్దున్నే మళ్లీ క్లాసు.

గొంతు బొంగురుపోయి నెల దాటినా తగ్గలేదు. చూపించుకున్న చోట జలుబన్నారు, యాంటీబయాటిక్ రాశారు, మళ్లీ అదే రాశారు, లోపలికి తొంగి చూసినవాళ్లు లేరు. మా అత్తయ్యగారు మిరియాల కషాయం, అతిమధురం ఇచ్చేవారు. హాయిగానే ఉండేది కానీ మనం మింగింది అన్నవాహికలోకి పోతుంది, గొంతులో అదిరి నాదం పుట్టించే స్వరతంత్రులకి తగలనే తగలదు. ఈ సంగతి గాత్రం చెప్పేవాళ్లకే చాలామందికి తెలియదు.

చివరికి రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. అక్కడ స్ట్రోబోస్కోపీ చేశారు. ఆరిపోతూ వెలుగుతూ ఉండే లైటులో స్వరతంత్రుల కదలిక నిదానంగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. టీవీలో నా గొంతు నేనే చూసుకున్నాను. రెండు తెల్లటి అంచులు, వాటి మధ్య ముందువైపుగా, ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు. నాడ్యూల్స్ అన్నారు. మూసుకునేటప్పుడు ఆ రెండే ముందు తగులుకుంటున్నాయి, వాటికి అటూ ఇటూ సందు మిగిలిపోతోంది, గాలి పోయేది అందులోంచే. నేను అప్పట్లో ఆధార స్వరంగా పెట్టుకునే ఐదు శ్రుతిలో నా పై షడ్జం అంటే ఆ అంచులు సెకనుకి దాదాపు 390 సార్లు కొట్టుకోవాలి. గట్టిగా పాడితే ఊపిరి ఒత్తిడితో ఎలాగో పలుకుతాయి, మెల్లగా పాడితేనే బండారం బయటపడుతుంది.

ఆపరేషన్ అంటారేమోనని చేతులు చల్లబడ్డాయి. 1997లో గొంతు ఆపరేషన్ తర్వాత జూలీ ఆండ్రూస్ అనే ఇంగ్లీషు గాయని, నటికి పాడే గొంతు పోయిందని నాకు తెలుసు. కానీ డాక్టరుగారు, "వీటికి ముందు కత్తి కాదమ్మా, గొంతు వాడే పద్ధతి మార్చాలి" అని స్పీచ్ థెరపీకి పంపారు.

మొదట మౌనం. గుసగుసలు కూడా వద్దన్నారు, చాలామందికి వాటితోనూ గొంతు బిగుసుకుపోతుందట. సీనియర్ పిల్లలు పాఠం చెబుతుంటే నేను తాళం వేస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజుల్లోనే మాన్యుయెల్ గార్సియా గురించి చదివాను. ఒపేరా పాడినవాడు, పారిస్‌లోనూ తర్వాత లండన్‌లోనూ గాత్రం నేర్పినవాడు. 1854లో ఒక చిన్న అద్దం గొంతు వెనక పెట్టుకుని, ఎండని దాని మీదికి మళ్లించి, తన స్వరతంత్రులు తానే చూసుకున్నాడు. అంతకు ముందే, 1841లో, జెన్నీ లిండ్ అనే స్వీడన్ గాయని పాడి పాడి గొంతు పాడై ఆయన దగ్గరికొస్తే ముందు పాట మాన్పించాడు, విశ్రాంతి తర్వాతే పాఠం మొదలుపెట్టాడు. ఆవిడ తర్వాత యూరప్ అంతా మెచ్చిన గాయని అయింది. ఇది చదివాకే నాకు కాస్త నిద్ర పట్టింది.

తర్వాత స్ట్రా. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, బుడగలు తెగకుండా 'ఊ' అనాలి. నీటి ఒత్తిడి వెనక్కి తన్నడం వల్ల స్వరతంత్రులు గట్టిగా గుద్దుకోకుండా మెత్తగా కలుస్తాయి. అలా స్ట్రాలోనే పిల్లలకి మొదట నేర్పే మాయామాళవగౌళ రాగం సరళీ స్వరాలు, అదీ మధ్యస్థాయి వరకే. రాత్రి పొద్దుపోయి తినడం మానేశాను, యాసిడ్ పైకొస్తే అక్కడే వాపు. చాలా వారాలకి ఒక పూట పై షడ్జం మెల్లగా అందుకుంటే గాలి లేకుండా సరాసరి నాదమే పలికింది. ఏడ్చేశాను. తర్వాత కెమెరాలో చూస్తే ఒక బొడిపె దాదాపు పోయింది, రెండోది బాగా తగ్గింది.

ఇప్పుడు నా శ్రుతి నాలుగున్నర, మునుపటి కన్నా అర మెట్టు కింద. ఐదులోనే పాడాలని పట్టుబట్టే గురువులతో నేను ఒప్పుకోను. మనవైపు చప్పట్లన్నీ గట్టిగొంతుకే పడతాయి, పిల్లలు అదే సంగీతమనుకుని అరుస్తారు. అందుకే క్లాసు మొదట్లో ప్రతి ఒక్కరి చేతా పై స్వరం సన్నగా పాడిస్తాను, గాలి వినిపిస్తే ఆ రోజు వాళ్లకి పాట లేదు. బొంగురు మూడు వారాలు దాటితే కెమెరాతో చూసే ఈఎన్‌టీ దగ్గరికి పంపిస్తాను.

నాటకాల్లో ఒకటో చంద్రమతికే, అంటే కాటిసీను ముందు భాగానికే, ఒప్పుకుంటున్నాను. కాటిసీనులో రెండో చంద్రమతిగా మా సీనియర్ అమ్మాయి వేస్తోంది, ఆమె గొంతు కూడా విశాఖపట్నంలో ముందే చూపించాం.