బొండాం నీళ్లు, ఉప్పు నీళ్లు, ఒక సూదిమందు

అంబాజీపేటలో పేగు కోయించుకుని వచ్చినవాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్ల చేతుల్లో ఏముంటాయి? బొండాలే. "చలవ చేస్తాయి, ఎన్ని తాగితే అంత మంచిది" అని ఇంటికి పంపిన రోజున డాక్టరుగారు కూడా అన్నారు. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు.

రక్తం గడ్డకట్టి చిన్నపేగు చచ్చుబడితే 80 సెంటీమీటర్లు మిగిల్చి, ఆ కొసని పొట్ట మీదికి తెచ్చి, బయటికొచ్చేది పట్టడానికి సంచి తగిలించారు. అంత పొట్టి పేగులోకి ఉప్పు తక్కువ నీళ్లు పోస్తే, ఒంట్లోని ఉప్పు పేగులోకి దిగుతుంది, దాని వెంట నీరూ దిగుతుంది. బొండాంలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం, అంటే ఉప్పులోది, తక్కువ. తాగినకొద్దీ సంచి నిండేది, నిండినకొద్దీ దాహం. పిక్కలు పట్టేసి వేళ్లు కొంకర్లు పోయేవి. మెగ్నీషియం కూడా పోతోందని తర్వాత తేలింది.

నన్ను నిలబెట్టింది లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా. చెంచా లెక్క పనికిరాదు, కాటాలో తూచాలి. రోజంతా గుక్కగుక్కగా తాగాలి. మంచినీళ్లు, టీ అన్నీ కలిపి నాకు అరలీటరే. భోజనానికి అరగంట ముందు పేగు కదలికని నెమ్మది చేసే లోపరమైడ్ మాత్ర.

ఇక ఆ రాత్రి. ఛాతీలో నరంలోకి పెట్టిన సన్నటి గొట్టం, అదే లైను, అందులోంచి రోజూ పోషకాల సంచి ఎక్కేది. తగిలించిన ముప్పావుగంటకి పళ్లు టకటకలాడే వణుకు. ఆస్పత్రికి ఫోను చేస్తే, "ఫ్రిజ్‌లోది చల్లగా ఎక్కించేసుంటారు, దుప్పటి కప్పండి" అన్నారు. మా ఆవిడ వినలేదు. సంచి ఆపేసి, అయినవిల్లి వినాయకుడికి మొక్కుకుని, తమ్ముణ్ణి లేపింది. ఎదుర్లంక వంతెన మీద కిందున్న గౌతమి కనపడలేదు, నా వణుకే వినపడింది. కాకినాడలో లైనులోంచి, చేతి నరంలోంచి విడివిడిగా రక్తం తీసి, క్రిములున్నాయేమో చూసే కల్చరు పరీక్షకి పంపి, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించిన డ్యూటీ డాక్టరమ్మకి చేతులెత్తి దండం. లైను ఉన్నవాళ్లకి ఎక్కేటప్పుడు చలివణుకొస్తే లైనులో క్రిములు చేరాయనే అనుకోండి. తెల్లారేదాకా ఆగొద్దు.

తర్వాతే పొట్టి పేగువాళ్లకిచ్చే సూదిమందు టెడుగ్లుటైడ్ మాట వచ్చింది. బ్రాండు పేరు అమెరికాలో గాటెక్స్, ఐరోపాలో రెవెస్టివ్. 2012లో రెండుచోట్లా అనుమతించారు. పేగులో పుట్టే జీఎల్‌పీ-2 అనే హార్మోను నిమిషాల్లో విరిగిపోతుంది. దాని రెండో అమైనో ఆమ్లం మార్చి, ఎక్కువసేపు నిలిచేలా చేసిందే ఈ మందు. పేగు లోపలి నూగుని పెంచుతుంది. మొత్తం 33 అమైనో ఆమ్లాలు. 40కి మించలేదు కాబట్టి అమెరికా చట్టం దీన్ని జీవ ఔషధాల్లో కలపదు, జెనరిక్‌కి మామూలు దారే ఉంది. అందుకే చీటీ మీద బ్రాండు కాదు, మందు పేరు రాయించుకోండి. మనదేశంలోకి సొంతానికి తెప్పించుకోవాలంటే ఫారం 12ఎ పెట్టి 12బి అనుమతి తీసుకోవాలి.

కిలోకి 0.05 మిల్లీగ్రాము, రోజుకొకసారి, చర్మం కింద. 5 మిల్లీగ్రాముల సీసాలో అరమిల్లీలీటరు నీళ్లు కలుపుతారు. కుదపకూడదు. 48 కిలోల నాకు 0.24 మిల్లీలీటరు చాలు. కలిపాక 3 గంటలే పనికొస్తుంది, రేపటికి దాచలేం. అంత ఖరీదైన మందులో సగం రోజూ పారబోస్తుంటే కడుపు తరుక్కుపోయేది.

ఇది అందరికీ పనిచెయ్యదు. రోగుల మీద చేసిన అసలు పరీక్షలో పోషకాల సంచిని 20 శాతమైనా తగ్గించుకోగలిగింది మందు వాడినవాళ్లలో 63 శాతం, ఉత్తుత్తి సూది పొడిపించుకున్నవాళ్లలో 30 శాతం. కణాల్ని పెంచే మందు కాబట్టి ముందే పెద్దపేగులోకి కెమెరా గొట్టం దింపి చూసే కొలనోస్కోపీ చెయ్యాలి, పేగు కేన్సరున్నవాళ్లకి ఇవ్వకూడదు. పేగు పీల్చుకోవడం మొదలెట్టాక పోషకాల సంచి కొలత తగ్గించకపోతే ఒంట్లో నీరు చేరుతుంది. నా పాదాలు అలాగే ఉబ్బాయి. మూత్రం కొలత రాసిన పుస్తకం చూపిస్తేగాని తగ్గించలేదు.

ఇప్పుడు వారానికి మూడు రాత్రులు పోషకాల సంచి లేదు. మొన్న అయినవిల్లి వెళ్లి మొక్కు తీర్చాం. కొట్టిన కాయ నీళ్లు మా బావమరిది తాగాడు.