నాలుగు నెలల బాబు ఉన్నట్టుండి పాలు మానేశాడు – నా అనుభవం

మా బాబు మళ్లీ మామూలుగా పాలు తాగుతూ ఇంకా వారం కూడా కాలేదు. కోపం చల్లారక ముందే రాసేయాలని కూర్చున్నాను. వాడికిప్పుడు నాలుగో నెల, పుట్టినప్పటి నుంచీ నా పాలే. డెలివరీ, మొదటి నెలలో నిద్ర లేకపోవడం, టీకాల జ్వరాలు అందరికీ ఉన్నట్టే గడిచాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. నేను కాకినాడలో మా పుట్టింట్లో ఉన్నాను, మావారు ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో. బాబుకి కాస్త జలుబు చేసి తగ్గుతోంది అనుకుంటుండగా ఒకరోజు పొద్దున రొమ్ము పట్టడం మానేశాడు.

మానేయడమంటే ఆకలి లేక కాదు. వేళ్లు చీకుతున్నాడు, నోరు అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు, దగ్గరికి తీసుకుంటే రెండు గుక్కలు లాగి ఒక్కసారిగా విల్లులా వెనక్కి వంగిపోయి గుక్కపట్టి ఏడుపు. సాయంత్రానికి నేను ఒళ్లో పడుకోబెట్టుకున్నా చాలు, ఏడుపు అందుకునేవాడు. కన్నబిడ్డ మన మొహం చూసి అలా ఏడిస్తే ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అత్తయ్యగారు ఫోన్‌లో "నీ పాలు విరిగిపోయి ఉంటాయమ్మా, పథ్యం సరిగ్గా చేయట్లేదు" అన్నారు. మా అమ్మ వెల్లుల్లి కారం, మునగాకు, సొరపుట్టు అన్నీ ఒకే రోజు పెట్టేసింది. దిష్టి తీశారు, దాని వల్ల నష్టమేమీ లేదు కాబట్టి ఊరుకున్నాను. పక్కింటి మామ్మగారు మాత్రం అంగిట ముల్లు లేచింది, గొంతులో వేలు పెట్టి నొక్కితే సరిపోతుంది అని చెయ్యి కడుక్కుని వచ్చేశారు. నేను పిల్లాణ్ని తీసుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు, మాట్లాడకపోయినా నాకేం పర్వాలేదు. పసిబిడ్డ గొంతులో వేలు పెట్టనివ్వకండి, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

ఇక ఆ క్లినిక్ సంగతి. దగ్గర్లో ఉందని, పేరుందని వెళ్లాం. గంటకు పైగా కూర్చోబెట్టారు, హాలు నిండా జనం. లోపలికి పిలవకముందే ఒక సిస్టర్ వచ్చి "పాలు పడుతున్నాయా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే అక్కడే, కర్టెన్ కూడా లేని మూలలో, నా జాకెట్టు పక్కకి లాగి నొక్కి చూసింది. బయట తండ్రులు, తాతలు కూర్చుని ఉన్నారు. ఒక చుక్క వచ్చింది. "ఇంతేనా? ఇందుకే ఏడుస్తున్నాడు" అని అందరికీ వినపడేలా అంది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మ తల దించుకుంది. ఆ సిస్టర్‌కి తెలియదా, భయపడుతూ సిగ్గుపడుతూ ఉన్నప్పుడు పాలు చేపవని? బిడ్డ నోరు పెట్టి చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు చేపుతాయి, టెన్షన్ దాన్ని అడ్డుకుంటుంది. పరాయి మనిషి నలుగురిలో నొక్కితే వచ్చిన చుక్కని బట్టి పాలు ఉన్నాయో లేదో తేల్చడం ఎక్కడి వైద్యం?

లోపల డాక్టరు గారు బాబుని ముట్టుకోలేదు. బరువు చూడలేదు, నోరు తెరిచి చూడలేదు, చెవి సంగతి సరే సరి. "పాలు చాలట్లేదు, డబ్బా పాలు మొదలుపెట్టండి" అని చీటీ మీద ఒక డబ్బా పేరు, పాలసీసా పేరు రాసిచ్చారు. నిన్నటిదాకా సరిపోయిన పాలు ఒక్క పూటలో ఎలా తగ్గిపోతాయి, నిన్నటి వరకూ రోజుకి ఏడెనిమిది సార్లు నిండుగా ఒంటికి పోసేవాడు అని అడిగితే "మీరు డాక్టరా?" అన్నారు. ఆ గోడ మీద బుగ్గలున్న పాప బొమ్మతో డబ్బా పాల పోస్టరు ఉంది, కింద మందుల షాపులో అదే డబ్బా వరసగా పేర్చి ఉంది. మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. డబ్బా పాలు, పాలసీసాలు ప్రచారం చేయకూడదు, కంపెనీలు ఆసుపత్రుల్లో వాటి పోస్టర్లు పెట్టించకూడదు. డబ్బా మీదే తల్లిపాలే శ్రేష్ఠం అని అచ్చు వేయాలి. ఈ సంగతి చదువుకున్న నాకే ఇంటికొచ్చి వెతికితే గానీ తెలియలేదంటే, మిగతా తల్లుల పరిస్థితి ఏమిటి? డబ్బా పాలు విషమని నేను అనట్లేదు. నిజంగా పాలు లేని తల్లులున్నారు, వాళ్ల బిడ్డలకి అవే ఆధారం, వాళ్లని ఒక్క మాట అన్నా నేనూరుకోను. కానీ బిడ్డని చూడకుండా డబ్బా రాసేయడం వైద్యం కాదు.

ఆ డబ్బా కొనలేదు. రాత్రికి మా పిన్నికి ఫోన్ చేశాను, ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. నా ఏడుపు విని "ముందు నువ్వు ఊపిరి తీసుకోవే" అని, తర్వాత ఒక్కొక్కటీ అడిగింది. ఒంటికి ఎన్నిసార్లు పోశాడు? జ్వరం ఉందా? నోట్లో తుడిచినా పోని తెల్ల మచ్చలున్నాయా? పడుకోబెడితే ఏడుస్తున్నాడా, నిలువుగా ఎత్తుకుంటే కాస్త ఊరుకుంటున్నాడా? ఎడమవైపు తిప్పితే ఎక్కువ ఏడుస్తున్నాడా? చివరి రెండూ అవునే. "చెవి చూపించు, ఆలస్యం చేయకు. ఈలోపు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టు, రొమ్ముకి అదిమిపెట్టకు" అంది.

మర్నాడు వేరే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట బరువు చూశారు, నోట్లో లైటు వేసి చూశారు, తర్వాత చెవిలో. ఎడమ చెవిలో ఇన్ఫెక్షన్. పసిపిల్లలకి ముక్కు నుంచి చెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుందట, జలుబు సులువుగా చెవికి పాకుతుంది. చీకి మింగేటప్పుడు చెవిలో ఒత్తిడి మారి పోటు వస్తుంది, పడుకోబెడితే ఇంకా ఎక్కువ. అంటే పాపం వాడికి ఆకలేసి నోరు పెడితే చాలు పోటు వస్తోంది. యాంటీబయాటిక్, నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ చుక్కలు, ముక్కుకి సెలైన్ చుక్కలు ఇచ్చారు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం, చెవిలో నూనె పోయడం ఆపేయమన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సాంబ్రాణి బంద్, స్నానం పోసే ఆవిడ ఎంత అలిగినా సరే.

నొప్పి తగ్గాక వెంటనే తాగుతాడనుకున్నాను. తాగలేదు. రొమ్ము అంటే నొప్పి అని వాడి మనసులో పడిపోయింది, ఇది ఇంకొన్ని రోజులు పట్టింది. తల ఒత్తి పట్టుకుని నోట్లో పెట్టొద్దు, అలా చేస్తే ఇంకా ఎక్కువ మొండికేస్తారు. నాకు పనిచేసింది నిద్రమత్తు. రాత్రి సగం నిద్రలో ఉన్నప్పుడు లైటు ఆర్పేసి, ఫ్యాను శబ్దం తప్ప ఇంకేమీ లేకుండా, నిలువుగా ఎత్తుకుని గదిలో నడుస్తూ రొమ్ము నోటి దగ్గర పెట్టేదాన్ని. పట్టుకుంటే పట్టుకుంటాడు, లేదంటే ఊరుకునేదాన్ని. పగలంతా వాణ్ని బట్ట లేకుండా నా గుండెల మీద వేసుకుని పడుకునేదాన్ని, పాలు తాగమని అడక్కుండా. సబ్బు, పౌడరు, తలకి వాసన నూనె మానేశాను.

పాలు పిండడం మాత్రం ఒక్క పూట కూడా ఆపలేదు. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, వేడి గుడ్డ అద్ది చేత్తోనే. పిండకపోతే పాలు తగ్గిపోతాయి, గడ్డలు కడతాయి, అప్పుడు ఆ క్లినిక్ మాటే నిజమవుతుంది. గదిలో నాలుగు గంటల వరకూ ఉంచొచ్చంటారు గానీ మన ఎండలకి నేను నమ్మలేదు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను, అక్కడ నాలుగు రోజుల దాకా ఉంటాయి. తాగించే ముందు గిన్నెని వేడి నీళ్లలో పెట్టాలి, పొయ్యి మీద కాయకూడదు, మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. మరగబెట్టిన ఉగ్గుగిన్నెతో, తల కాస్త ఎత్తి పట్టి, నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా, మింగాక ఇంకొంచెం. మందులు తప్ప మా వాడి కడుపులోకి వెళ్లిన ప్రతి చుక్కా నా పాలే, ఈ మాట నేను గర్వంగా చెప్పుకుంటాను. నీళ్లు, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ పట్టమని చాలామంది అన్నారు, ఆరు నెలల లోపు అవేవీ అక్కర్లేదు. తేనె అయితే ఏడాది నిండేవరకూ నాలుకకి రాయకండి, దానివల్ల వచ్చే బోట్యులిజం పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంట్లో కూర్చుని ఇవన్నీ ప్రయత్నించే వీలు ఎప్పుడూ ఉండదు, అది గుర్తుంచుకోండి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే పొద్దున దాకా ఆగకండి. ఆరు గంటలకు మించి ఒంటికి పోయకపోయినా, నోరు ఎండినా, మాడు లోపలికి గుంట పడినా, లేపినా లేవకుండా వేలాడిపోయినా, అసలు ఏదీ మింగకపోయినా వెంటనే ఆసుపత్రికే. రోజుకి కనీసం ఆరు సార్లు తడుపుతున్నాడా లేదా అన్నది నేను గోడ మీద క్యాలెండర్ పక్కన గీతలు పెట్టి చూసుకున్నాను.

మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పట్టుకున్నాడు, పొద్దున మెలకువలో కూడా తాగాడు. ఎడమవైపు పడుకోబెడితే ఇంకా కాస్త నసుగుతున్నాడు, అందుకే ఆ వైపు కూర్చునే పడుతున్నాను. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యాక మళ్లీ చెవి చూపించమన్నారు, సోమవారం వెళ్తాం. ఆ పోస్టరు ఫొటో తీసి పెట్టమని మావారికి చెప్పాను. ఈ శనివారం వస్తున్నారు, వచ్చాక ఇద్దరం కలిసి ఫిర్యాదు రాస్తాం.