కంగారు పిల్లకి అమ్మ చీర సంచి

పోయినేడాది జూన్‌లో జరిగింది ఇది. అమ్మ బెజవాడ నుంచి మా దగ్గరికి వచ్చి నెలే అయింది, మెల్‌బోర్న్‌కి ఉత్తరాన విటిల్‌సీ వైపు నుంచి మెర్ండాలో మా ఇంటికి తిరిగొస్తున్నాం. ఇక్కడ జూన్ అంటే చలికాలం, ఐదున్నరకే చీకటి పడిపోతుంది. ఒక కంగారు సగం రోడ్డు మీద, సగం గడ్డిలో పడుంది, ఎవరో గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోయారు. నేను స్లో చేసి పక్కనించి దాటబోయా, ఆరేళ్ళలో ఈ రోడ్ల మీద అట్లాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. అమ్మే "ఆగవే, దాని పొట్ట కదుల్తోంది" అంది.

కారు బాగా పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, వైల్డ్‌లైఫ్ రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేశా. ఫోనెత్తిన ఆవిడ మొదట అడిగింది మీరు సేఫ్‌గా నిలబడ్డారా అని, తర్వాత తల్లి నిజంగా చనిపోయిందా అని. ప్రాణమున్న కంగారు దగ్గరికి ట్రైనింగ్ లేనివాళ్ళు వెళ్ళకూడదు, వెనక కాళ్ళతో తన్నితే మన పేగులు బయటికొస్తాయి. చనిపోయిందని చెప్పాక సంచి తెరవమంది. సంచి నోరు తల వైపుకి ఉంటుంది, అంచు బిగుతుగా ఉంటుంది, బయట వేళ్ళు కొంకర్లు పోతుంటే లోపల మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

"నోట్లో చనుమొన ఉందేమో చూడండి, ఉంటే మాత్రం లాగొద్దు" అని మూడుసార్లు చెప్పింది. బొచ్చు రాని పిల్లల్ని వీళ్ళు పింకీలంటారు, వాటి నోట్లో చనుమొన ఉబ్బి బిగుసుకుపోయి ఉంటుంది, లాగితే నోరంతా దెబ్బతింటుంది, అందుకే తల్లి శరీరంతో సహా తీసుకెళ్తారు, లేకపోతే తెలిసినవాళ్ళు వచ్చి చనుమొనని కత్తిరించి పిల్లతోపాటు తీస్తారు. మాకు దొరికింది కాస్త పెద్దది, ఒళ్ళంతా సన్నటి నూగు, కళ్ళు తెరిచుంది, చన్ను అప్పటికే వదిలేసింది. మొదట కాళ్ళొచ్చాయి బయటికి, అంత పొడుగు కాళ్ళని చెవుల దాకా మడుచుకుని పడుకుంది పాపం. అమ్మ శాలువాలో చుట్టేసి స్వెటర్ లోపల పెట్టుకుంది.

"కాసిని పాలు పడదామే, ఎప్పుడు తాగిందో ఏమో" అంది అమ్మ. ఆవుపాలు వద్దు, నీళ్ళు కూడా వద్దు అని ఫోన్లో ముందే చెప్పారు, ఆవుపాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర వీటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటే పిల్ల ప్రాణమే పోవచ్చు. వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచాలి, అంతే. ఇంటికి పోకుండా నేరుగా వాళ్ళు చెప్పిన షెల్టర్‌కి పోనిచ్చా, 35 నిమిషాలు అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

షెల్టర్ నడిపే ఆవిడ పాదం, తోక కొలిచి, చార్టులో చూసి, ఆడపిల్ల, ఈస్టర్న్ గ్రే జాతి, ఆరున్నర నెలలుంటాయంది. ఆరున్నర నెలలకి ఇంత చిన్నదా అన్నాను. తల్లి కడుపులో ఉండేది 36 రోజులేనట, పుట్టినప్పుడు చిక్కుడు గింజంత, ఒక్క గ్రాము కూడా తూగదు, తల్లి బొచ్చు పట్టుకుని తనంతట తనే సంచిలోకి పాక్కుంటూ పోతుంది. ఇంక 11 నెలల దాకా సంచే దాని ఇల్లు. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే బయట గెంతే పెద్ద పిల్లకి ఒక చన్నులో ఒక రకం పాలు, సంచిలో కొత్తగా పుట్టినదానికి పక్క చన్నులో ఇంకో రకం పాలు, ఒకే తల్లి ఒకే సమయంలో ఇస్తుంది. అందుకే పిల్ల వయసుని బట్టి పాలపొడి మార్చుకుంటూ పోవాలి. నేను ఇదంతా తెలుగులో చెప్తుంటే అమ్మ ఆ పిల్లని చూస్తూనే ఉంది.

ఇక్కడ కంగారుని ఇంట్లో పెంచుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. అందుకే ముందు రెస్క్యూ ట్రైనింగ్ చేశా, సంచి చూడటం, చూసిన శరీరాన్ని రోడ్డు మీదనించి లాగేసి స్ప్రే పెయింట్‌తో ఇంటూ మార్కు వెయ్యడం, లేకపోతే ఇంకో మనిషి మళ్ళీ అదే దాని కోసం ట్రాఫిక్‌లో దిగుతాడు. తర్వాత తల్లిలేని పిల్లల్ని పెంచే ఫాస్టర్ కేరర్‌గా అప్లై చేశా, షెల్టర్ ఆవిడ కింద ఉండి నేర్చుకోవాలి. ఫెన్సింగ్ వివరాలు సరిగా లేవని ఫారం ఒకసారి వెనక్కొచ్చింది, మళ్ళీ పంపా, పర్మిషన్ వచ్చింది.

ఆ పిల్ల నా చేతికొచ్చాక తెలిసింది అసలు పని. నాలుగ్గంటలకోసారి పాలు, సన్నటి పొడుగు పీకతో, తాగాక గోరువెచ్చని తడి దూదితో తుడిస్తేనే ఒంటికి పోస్తుంది, తల్లి నాకి చేయించే పని అది. ప్రతిదీ పుస్తకంలో రాయాలి.

రెండో పిల్ల నా దగ్గరే పోయింది. పక్కింటి పిల్లలు చూస్తామంటే కాదనలేకపోయా, పది నిమిషాలు ఫోటోలు, అరుపులు. కంగారులు బాగా బెదిరితే ఒంట్లో కండరాలే దెబ్బతింటాయి, మయోపతి అంటారు, వెంటనే కనపడదు, నాలుగో రోజుకి వెనక కాళ్ళు పడిపోయాయి. అప్పట్నించి మా ఇంట్లో ఆ గది తలుపు ఎవరికీ తియ్యను, ఎవరేమనుకున్నా సరే.

కంగారులు బోలెడున్నాయిగా, ఇంత అవసరమా అని మనవాళ్ళే అడుగుతారు. ఉన్నాయి, నిజమే. కానీ మా చుట్టుపక్కల గడ్డి భూములన్నీ ఎస్టేట్లు అయిపోతున్నాయి, ఫెన్సుల మధ్య మందలు ఇరుక్కుపోయి రోడ్డెక్కుతున్నాయి, ఆ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళల్లో మనమూ ఉన్నాం. ఇదే విక్టోరియాలో ఈస్టర్న్ బార్డ్ బాండికూట్ అని ఎలకలా పొడుగు ముక్కున్న చిన్న సంచి జంతువు, గడ్డి భూములు పోయి, నక్కలు తినేసి, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అడవిలో అంతరించిందనే చెప్పేశారు. నక్కలు రాని ఫెన్సుల్లో, దీవుల్లో ఏళ్ళ తరబడి పెంచితే 2021లో ఆ ముద్ర తీసి అపాయంలో ఉన్న జాతుల లిస్టులోకి మార్చారు. ఒక దాన్ని ఆ అంచు దాకా పోనిచ్చి వెనక్కి లాగడానికి పట్టిన కష్టం విన్నాక నాకైతే ఒక్క పిల్లని వదలబుద్ధి కాదు.

అమ్మ వెళ్ళేముందు తన పాత మంగళగిరి కాటన్ చీరలు రెండు కోసి లోపలి సంచులు కుట్టింది. కుట్లు బయటి వైపుకి రావాలి, లోపల దారం పోగు వేలాడితే పిల్ల వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది అంటే, ప్రతి సంచినీ తిరగేసి వేలితో తడిమి చూసుకుంది. ఆ పిల్లే ఆ సంచిలోకి తలపెట్టి లోపల పల్టీ కొట్టి మళ్ళీ మూతి బయటపెట్టేది.

ఒక్కదాన్నే పెంచితే మనిషికి మరిగిపోతుందని దాన్ని షెల్టర్‌లో ఇంకో నాలుగింటితో కలిపారు, ఐదూ ఒక మంద అయ్యాయి. ఈ జూన్ చివర్లో గేటు తీసి ఉంచారు. మొదటి రోజు ఒక్కటీ కదల్లేదు. మూడో రోజు పొద్దున మూడే ఉన్నాయి, సాయంత్రం మళ్ళీ ఐదూ మేతకొచ్చాయి, తర్వాత రావడం తగ్గుతూ వచ్చింది. అమ్మ రోజూ వీడియో కాల్‌లో అడుగుతుంది, "వచ్చిందా?"

రెండు వారాలైంది రాక. "రాలేదమ్మా" అన్నా నిన్న. "పోన్లే, దాని వాళ్ళు దొరికారేమో" అని, ఇంకో చీర తీసి పెట్టాను, ఎవరైనా వస్తుంటే పంపుతా అంది.