పాత బుల్లెట్ మీద అరకు: ఆగింది పెట్రోలుకా, కరెంటుకా?

మా పెదనాన్న బుల్లెట్ 1987 మోడల్. కాస్ట్ ఐరన్ ఇంజిన్, 346 సీసీ, గేరు కుడికాలికి బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. నవంబర్‌లో చలి మొదలవగానే బావ పట్టుబట్టాడు, అరకు వెళ్తే దీని మీదే వెళ్దాం, కారులో అయితే నేను రాను అని. వైజాగ్ నుంచి 115 కిలోమీటర్లు దాకా ఉంటుంది, మామూలుగా మూడు మూడున్నర గంటల్లో అయిపోయే దారి, మేం పొద్దున్నే ట్యాంక్ ఫుల్ చేయించి బయల్దేరి చీకటి పడే వేళకి చేరాం అంటే మిగతాది మీరే ఊహించుకోండి.

పెందుర్తి, కొత్తవలస దాటేవరకు బండి రాజాలా నడిచింది. ఎస్.కోట ఇంకా రాకముందే, ఒక అరవై స్పీడులో ఉండగా పట్టు తగ్గడం మొదలైంది. యాక్సిలరేటర్ ఇస్తుంటే ఇంకా నీరసపడిపోతోంది, రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోయింది. కాసేపాగి కిక్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్, మళ్ళీ కొంత దూరం పోయాక అదే కథ. బావ అయితే "బంకోడు నీళ్ళు కొట్టేశాడు బావా" అని అప్పుడే తీర్పిచ్చేశాడు. నాకు అనుమానమొచ్చి ఆగిన వెంటనే ట్యాంక్ మూత తిప్పాను, సుయ్యిమని గాలి లోపలికి పోయిన చప్పుడు. అంతే, దొరికేసింది. మూతకి గాలి పీల్చుకునే సన్న బెజ్జం ఒకటి ఉంటుంది, పెట్రోలు కిందకి దిగేకొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి, రాకపోతే పెట్రోలు దిగదు. పైగా ట్యాంక్ నిండుగా ఉంటే లోపల గాలి ఉండే ఖాళీ తక్కువ కాబట్టి ఇంకా తొందరగా పట్టేస్తుంది. ఆ బెజ్జం నిండా పాలిష్ మైనం, దుమ్ము కలిసి గట్టిపడిపోయి ఉంది, పిన్నీసుతో పొడిచి ఊదితే సరిపోయింది. బావ బంకోడి గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఎస్.కోటలో ఇడ్లీ తిన్నాం, ఘాట్ ఎక్కడం మొదలెట్టాం. ట్యాడ దాటాక, చెట్ల నీడలో సెకండ్ గేర్‌లో దడదడమని ఎక్కుతుంటే భలే ఉంటుంది ఆ దారి, కింద లోయలో గూడ్సు బండి వినబడుతోంది కానీ కనబడదు. ఒక మలుపు తిరుగుతుండగా టక్కున ఆఫ్. కుదుపు లేదు, నీరసం లేదు, ఎవరో తాళం తిప్పేసినట్టు.

మళ్ళీ మూతే అనుకుని తీశాం, ఈసారి చప్పుడు లేదు. పెట్రోల్ పైపు ఊడదీస్తే ధార బాగానే పడుతోంది. సరే అని కార్బరేటర్ కింద బౌల్ విప్పాను, అడుగున ఎర్రటి తుప్పు పొడి కొంచెం ఉంది, నీటి బొట్లు మాత్రం లేవు. (ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. అది తేమని లాక్కుంటుంది, బండి నెలలు నెలలు నిలబెట్టేస్తే నీళ్ళు అడుగుకి చేరే అవకాశముంది, పాత రబ్బరు పైపులు కూడా తినేస్తుంది, అందుకే పైపు ముందే మార్చి పెట్టాను.) పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రముండే జెట్ విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రం శుభ్రంగా గుండ్రంగా కనబడుతోంది. అన్నీ బిగించి కొడితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

అప్పుడు జీపు ఆపిన ఒక పెద్దాయన, ఆ దారిలోనే ముసలైపోయిన డ్రైవరట, దిగకుండానే అడిగాడు. "ఏటి బాబూ, మెల్లగా సచ్చిందా, టక్కున సచ్చిందా?" టక్కున అన్నాను. "అయితే ఆ పెట్రోలు జోలి ఒదిలీయండి, కరెంటు సూడండి. మెల్లగా పోతే పెట్రోలు, టక్కున పోతే కరెంటు." అని జీపు పోనిచ్చాడు. మేం అరగంట నుంచి పెట్రోలు చేతులతో కూర్చున్నాం.

హెడ్‌లైట్ మీద బ్యాటరీ కరెంటు చూపించే ఆంపియర్ మీటర్ ఉంటుంది కదా, తాళం ఆన్ చేసి కిక్ మెల్లగా చేత్తో నొక్కుతూ చూశాను. పాయింట్, అంటే ఇంజిన్ తిరిగేకొద్దీ మూసుకుంటూ తెరుచుకుంటూ స్పార్క్ పుట్టించే స్విచ్చు, మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు కొంచెం వాలి, తెరుచుకోగానే మధ్యకి వస్తోంది. అంటే బ్యాటరీ నుంచి, ప్లగ్‌కి కావాల్సిన వోల్టేజీ పెంచే కాయిల్ మీదుగా, పాయింట్ దాకా కరెంటు వస్తోంది. ప్లగ్ విప్పి ఇంజిన్‌కి ఆనించి కిక్ కొడితే స్పార్క్ వచ్చింది కానీ పసుప్పచ్చగా, నీరసంగా, నీలంగా చిటుక్కుమనాల్సింది అలా లేదు. సిలిండర్ వెనక పాయింట్ మూత తీస్తే అక్కడ మాత్రం మెరుపులు, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ఇక కండెన్సరే, పాయింట్ తెరుచుకునేటప్పుడు అక్కడ మెరుపు రాకుండా ఆపేది అదే. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది, పైగా ఈ బండికి దాన్ని పెట్టిందే సిలిండర్ పక్కన, ఆ వేడిలో. పాయింట్ మీద నల్లమచ్చని ఉప్పు కాగితంతో గీకి, తడిబట్ట వేసి చల్లార్చి, అలా ఆగుకుంటూ పోయాం. డముకు దగ్గర ఆగాం, అనంతగిరి దగ్గర ఆగాం, గాలికొండ దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే మేం ఇంజిన్ మీద నీళ్ళు పడకుండా బట్ట పిండుతున్నాం, ఎర్రగా కాలిన కాస్ట్ ఐరన్ మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదముంది మరి. బావ మటుకు ప్రతి స్టాపులోనూ ఏదో ఒకటి తిన్నాడు, మొక్కజొన్న పొత్తులు, బొంగు చికెన్, అతనికి ట్రిప్ బాగానే జరిగింది.

అరకులో మెకానిక్ కుర్రాడు బుల్లెట్ కండెన్సర్ లేదన్నాడు, కారుది ఉందన్నాడు. దాన్ని పాత చోట పెట్టకుండా, కాయిల్ నుంచి పాయింట్‌కి వెళ్ళే వైరుకి కలిపి, సీటు కింద ఫ్రేమ్‌కి బోల్టు వేసి బిగించేశాడు. పాతది తీసేశాడు. స్పార్క్ నీలంగా వచ్చింది. ఐడిలింగ్‌లో నల్లపొగ వస్తోందంటే, ఇక్కడ ఎత్తు తొమ్మిది వందల మీటర్లు పైమాటే కదా, గాలి పల్చన, పెట్రోలు అంతే పడుతుంది అని కార్బరేటర్‌కి గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ పావు తిప్పు విప్పి, కిందకి దిగాక మళ్ళీ యథాస్థానానికి తిప్పేయండి అన్నాడు. కండెన్సర్ డబ్బులే తీసుకున్నాడు, టీ మాత్రం మా చేత ఇప్పించుకున్నాడు.

మర్నాడు దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు. ఎస్.కోటలో స్క్రూ బిగించి ప్లగ్ విప్పి చూస్తే పాలు ఎక్కువేసిన టీ రంగు, అంటే సరిగ్గా ఉన్నట్టే. నాకు కొత్త కండెన్సర్ తెచ్చి లోపల పెట్టే ఉద్దేశం లేదు, బయట ఉన్నదే ఉంచేస్తున్నాను, వేడి తగలదు. పాయింట్ సెట్ మాత్రం మార్చాలి, ఆ మచ్చ లోతుగా పడింది. పెదనాన్నకి ఫోన్లో చెప్తే, "మూత బెజ్జం చూశారా?" అని ముందు అదే అడిగాడు.